గన్ పెట్టి చూస్తే ఈ రంగు పలకలు ఇరాన్‌వా, ఇక్కడివా అని తెలుస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. థీసిస్ కోసం కుతుబ్‌షాహీల కాలపు రంగు పలకల మీద పని చేస్తున్నారు. చేత్తో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ మీ కాలేజీకి రెండ్రోజులు అరువు దొరికింది. ఎక్స్‌రేలు పంపి వస్తువులో ఏ మూలకాలున్నాయో చెప్పే మెషిన్ అది, ఆకారాన్ని బట్టి గన్ అంటాం. దాన్ని గోడకు ఆనించి ఆ పలకలు ఇరాన్ నుంచి ఓడలో వచ్చాయా, ఇక్కడే కాల్చారా తేల్చాలి. వీలైతే గచ్చులో బెల్లం, గుడ్డుసొన కలిపారో లేదో కూడా చూడాలి.

సూటిగా చెప్తాను. ఆ మెషిన్ ఒక్కదానితో పలకలు ఎక్కడివో తేల్చలేరు. బెల్లం సంగతి అసలే తేల్చలేరు. అలాగని రెండ్రోజులూ వృథా అనుకోకండి. ఏ పలక పాతది, ఏది తర్వాతి రిపేరు, ఏ రంగుకు ఏ లోహం వాడారు అనేవి చాలావరకు తెలుస్తాయి. పలక పుట్టిన చోటు మాత్రం పైనున్న మెరుపులో దొరకదు. విరిగిన అంచులో దొరుకుతుంది, అదీ ఆవగింజంత ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితేనే.

ఎందుకో చెప్పాలంటే పలక ఎలా చేస్తారో కొంచెం తెలియాలి.

ఇరాన్‌లో కాషాన్ ఊరివాళ్ల విధానాన్ని అబుల్ ఖాసిం అనే ఆయన 1301లో రాసిపెట్టాడు. ఆయన కుటుంబమే కుమ్మరి పనిలో పేరున్నది కాబట్టి ఇది విన్న మాట కాదు, ఇంట్లో చూసిన పని. ముద్దకు పాళ్లు: తెల్ల పలుగురాయి పొడి పది, గాజు పొడి ఒకటి, తెల్ల బంకమట్టి ఒకటి. అంటే అది మట్టి పలక కాదు, దాదాపు రాతిపొడి పలక. కాల్చినప్పుడు ఆ గాజు కరిగి పలుగు రేణువుల్ని అతికిస్తుంది. దాని మీద క్షారం ఎక్కువున్న మెరుగు, అంటే గ్లేజ్, పోస్తారు. క్షారపు గ్లేజ్ చల్లారేటప్పుడు బాగా ముడుచుకుంటుంది. కింద మామూలు ఎర్రమట్టి ఉంటే అది అంతగా ముడుచుకోదు, గ్లేజ్ నిండా వెంట్రుక పగుళ్లు వస్తాయి. పలుగుపొడి ముద్ద కూడా దాదాపు గ్లేజ్ అంతే ముడుచుకుంటుంది కాబట్టి రెండూ కలిసి నిలుస్తాయి. అంత శ్రమపడి రాయి నూరడం తెల్లదనం కోసమే అని చాలామంది రాస్తారు. నా లెక్కలో ఈ ముడుచుకునే సంగతి కూడా దానికి తక్కువేం కాదు.

ఇక గ్లేజ్‌లోకి ఆ క్షారం ఎక్కణ్నుంచి వస్తుంది? రెండు దార్లు. ఒకటి, ఎడారి నేలల్లో పెరిగే ఉప్పుమొక్కల్ని కాల్చిన బూడిద. ఇరాన్, అరబ్ దేశాల పాత పద్ధతి ఇది. రెండోది, నేల మీద పూసే తెల్లటి క్షారం. మన భాషలో చౌడు. చాకలివాళ్లు బట్టలుతకడానికి తెచ్చుకునేవాళ్లే, ఆ చౌడుమట్టి. భారతదేశంలో గాజుపూసల వాళ్లు శతాబ్దాలుగా ఇలాంటి ఖనిజ సోడానే వాడారు. మొక్కల బూడిదతో చేసిన గాజులో మెగ్నీషియా, అంటే మెగ్నీషియం ఆక్సైడ్, ఎక్కువ, సాధారణంగా 1.5 శాతం దాటి ఉంటుంది. పొటాష్ కూడా అంతే. చౌడుతో చేసిన దాంట్లో మెగ్నీషియా తక్కువ, అల్యూమినా ఎక్కువ.

అంటే ఇరానీ వంటకమా, దేశీ వంటకమా అనే ప్రశ్నకు జవాబు ఎక్కువగా సోడియం, మెగ్నీషియంల చేతిలో ఉంది. సరిగ్గా ఈ రెండే మీ గన్‌కు కనపడవు. అవి తేలిక మూలకాలు. వాటినుంచి వచ్చే ఎక్స్‌రే ఎంత బలహీనమంటే, పలకకూ మెషిన్‌కూ మధ్యనున్న ఆ కాస్త గాలిలోనే ఆగిపోతుంది. హీలియం వాయువు పంపే సౌకర్యం ఉంటే మెగ్నీషియం కొంత తెలుస్తుంది, సోడియం అప్పటికీ రాదు. అడగాల్సిన ప్రశ్నకు జవాబు తెలియని సాక్షిని బోనెక్కించడం లాంటిది ఇది. తెలిసినంతవరకు నిజమే చెప్తాడు గానీ మీక్కావాల్సింది చెప్పడు.

ఇంకో చిక్కు. సిలికాన్ సంకేతం గ్లేజ్‌లో పైపై కొన్ని మైక్రాన్ల లోతు నుంచే వస్తుంది. సీసం సంకేతం అంతకంటే చాలా లోతునుంచి వస్తుంది. నాలుగు వందల ఏళ్లు వాన తగిలిన గ్లేజ్‌లో పైపొర నుంచి క్షారం కడుక్కుపోయి ఉంటుంది. కాబట్టి ఒకే కొలతలో సిలికా పాడైన పొరది, సీసం బాగున్న పొరది అవుతుంది. వాటి నిష్పత్తి వేసి రాశారంటే ఆ అంకె ఏ పొరకూ చెందదు.

ఇప్పుడు మీ థీసిస్‌లోని కట్టడాల దగ్గరికి. హైదరాబాద్‌లో పలకల పని చూడాలంటే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, అంటే మొహర్రం సంతాపం జరిపే భవనం, దాని తర్వాతే ఏదైనా. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో కట్టించాడు, పలకల పని 1611 దాకా సాగింది. ముందున్న చెక్క స్తంభాల మండపం నిజాముల కాలంలో చేరింది. లోపలి గోడల మీదున్నది కోత పలకల పని. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ఉలితో ఆకు ఆకారంలో, అక్షరం ఆకారంలో చెక్కి, ముక్క పక్కన ముక్క పేర్చారు. దీని లాభం ఏమిటంటే ఏ రంగుకు తగ్గ వేడి ఆ రంగుకు ఇవ్వొచ్చు. ఒకే పలక మీద అన్ని రంగులూ పూసి కాల్చితే ఏదో ఒకటి మాడుతుంది, లేదా పక్కదాంట్లోకి పారుతుంది. అక్కడి ఆవపిండి పసుపు, గోధుమ రంగు గమనించండి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరపు నీలాలకు అలవాటుపడిన కంటికి అవి కొత్తగా ఉంటాయి.

1908 సెప్టెంబరులో మూసీ వరద ఆ గోడల్ని కూడా తాకింది. కింది భాగంలో పోయిన పలకల చోట తర్వాత రంగులతో పలకల్లా చిత్రించారు. ఇది ఎవరూ దాచిన రహస్యం కాదు, దగ్గరగా నిలబడి చూస్తే తెలుస్తుంది. కానీ మెషిన్ చేతికొచ్చిన ఉత్సాహంలో కంటిపని మర్చిపోవడం మన అందరికీ ఉన్న జబ్బు. నా సంగతే చెప్తాను. వేరే ఒక చిన్న కట్టడంలో నేనూ నా జూనియరూ ఉదయమంతా కూర్చుని ఒక ప్యానెల్ మీద ముప్పై కొలతలు తీశాం. తెల్లరంగులో టైటానియం గుట్టలుగుట్టలుగా వచ్చింది. టైటానియం తెలుపు పెయింట్లలోకి వచ్చిందే 1920 ప్రాంతంలో. మేము కొలిచింది పలక కాదు, సిమెంటు మీద వేసిన ఎనామెల్ పెయింట్. అక్కడి ముజావర్ టీ తెచ్చిచ్చి, "ఆ పని మా నాయన ఉన్నప్పుడు పెయింటర్‌తో చేయించిండు సార్" అన్నాడు. ముందే అడిగి ఉంటే సరిపోయేది. అప్పటినుంచీ ఏ సైట్‌కెళ్లినా మొదటి గంట మెషిన్ పెట్టె మూత తీయను. అక్కడుండేవాళ్లతో మాట్లాడతాను.

రిపేర్లు పట్టుకోవడానికి మాత్రం మీ గన్ నిజంగా బంగారం. టైటానియం తెలుపు ఎప్పటిదో చెప్పాను. జింక్ తెలుపు 19వ శతాబ్దంలో పెయింట్ల వాడుకలోకి వచ్చింది. క్రోమియం, సీసం కలిసి పసుపులో కనిపిస్తే అదీ 19వ శతాబ్దం తర్వాతిదే అనుకోవచ్చు. అయితే నలుపు గ్లేజ్‌లో క్రోమియం ఉంటే కంగారు పడొద్దు, క్రోమియం ఉన్న ఖనిజంతో నలుపు చేయడం ఇరాన్‌లో పాత పద్ధతే. ఒకటి గుర్తుంచుకోండి, ప్రతి మూలకానికీ మెషిన్ గ్రాఫులో తనదైన చోట ఒక గీత పడుతుంది. టైటానియం, బేరియం రెండింటి గీతలూ పక్కపక్కనే పడతాయి. మెషిన్ ఒకదాన్ని ఇంకోదానిగా రాసేస్తుంది.

ఈ గీతల తికమకలో నేను పడ్డ గుంట ఇంకోటుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పసుపు పలక మీద ఆర్సెనిక్ శాతాలకు శాతాలు చూపించింది మెషిన్. నేను సంబరంగా "హరిదళం వాడారు" అని రిపోర్టు రాశాను. హరిదళం అంటే ఆర్సెనిక్ ఉన్న పసుపు రంగు, మన పాత చిత్రాల్లో వాడేదే. మా పెద్దాయన రిపోర్టు చదివి ఒకటే అడిగారు: "బట్టీలో పెట్టిన పలకలో హరిదళం మిగులుతుందటయ్యా?" మిగలదు, ఆవిరైపోతుంది. జరిగిందేమిటంటే సీసం ముఖ్య గీత 10.55 దగ్గర పడుతుంది, ఆర్సెనిక్‌ది 10.54 దగ్గర. కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఆ తేడాను మెషిన్ విడదీయలేదు. సీసాన్ని చూసి ఆర్సెనిక్ అంది. పరిష్కారం సులువే. సీసానికి 12.6 దగ్గర, ఆర్సెనిక్‌కు 11.7 దగ్గర ఇంకో గీత ఉంటుంది. ఏది ఉందో చూడండి. అందుకే స్క్రీన్ మీద అంకెల పట్టిక ఒక్కటే కాదు, ప్రతి కొలతకూ స్పెక్ట్రం గ్రాఫు సేవ్ చేసుకోండి. ఇనుము, కోబాల్ట్‌లకూ ఇదే తగాదా. ఇనుము రెండో గీత 7.06, కోబాల్ట్ మొదటి గీత 6.93. ఇనుము ఎక్కువున్న చోట లేని కోబాల్ట్ కనపడుతుంది. కోబాల్టేమో వేయింట ఒకటి రెండు వంతులున్నా గ్లేజ్‌ను నీలంగా మార్చేస్తుంది కాబట్టి ఇక్కడ పొరపాటు చేస్తే మొత్తం కథ మారిపోతుంది.

ఇంతకూ ఆ పసుపు ఏమిటంటారా? ఉత్తర భారతంలోని మొఘల్ కాలపు పసుపు పలకల్లో సీసం, తగరం కలిసిన పసుపు ఉందని పరిశోధనల్లో తేలింది. మీ పలకల్లోనూ అదే ఉందని ముందే అనుకోవద్దు. సీసం పక్కన తగరం ఉందో, యాంటిమొనీ ఉందో గన్ చెప్తుంది. అవి ఏ స్ఫటికంగా ఉన్నాయో రామన్ మెషిన్, అంటే లేజర్ కాంతి వేసి చూసేది, చెప్తుంది. అది కూడా గోడ దగ్గరికి మోసుకెళ్లేవి ఉన్నాయి.

రాగి విషయంలో చిన్న మాట. ఫిరోజా, అంటే ఆకుపచ్చ కలిసిన లేత నీలం, అదీ రాగే, ఆకుపచ్చా రాగే. క్షారపు గ్లేజ్‌లో రాగి ఫిరోజా అవుతుంది, సీసం గ్లేజ్‌లో ఆకుపచ్చ అవుతుంది. అందుకని ఆకుపచ్చ ముక్కలో రాగి కనపడగానే ఆగిపోకుండా సీసం ఎంతుందో చూడండి.

"ఇరానీ పలక" అన్న మాటనే కాస్త విప్పి చూడాలి. మనిషి ఇరాన్‌వాడు కావొచ్చు, పద్ధతి ఇరాన్‌ది కావొచ్చు, సరుకు ఇరాన్‌ది కావొచ్చు. మూడూ ఒకటి కాదు. కులీ కుతుబ్‌షా దగ్గర పీష్వాగా, అంటే ప్రధానమంత్రిగా, ఉన్న మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చినవాడు. అంతకుముందే బీదర్‌లో 1472లో మదరసా కట్టించిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్ కూడా ఇరాన్‌లోని గీలాన్ వాడు. ఆ మదరసా ముఖభాగం మీద కొంత పలకల పని ఇంకా మిగిలుంది. మిగతాదాంట్లో కొంత ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలుడుకు సగం కట్టడంతో పాటే పోయింది. ఇంతమంది వచ్చినప్పుడు పనివాళ్లూ వచ్చి ఉంటారు. ఇస్ఫహాన్‌లో పని నేర్చినవాడు ఇక్కడి పలుగురాయి నూరి, ఇక్కడి చౌడు వేసి, దూరం నుంచి తెప్పించిన కోబాల్ట్ కలిపి పలక కాలిస్తే దాన్ని ఏమంటారు? థీసిస్‌లో "పర్షియన్ టైల్స్" అని రాసేముందు ఈ మూడింటిలో ఏది మీ దగ్గర రుజువైందో చెప్పగలగాలి. నన్నడిగితే మీ ప్రశ్నను "ఎక్కడివి" నుంచి "ఎలా చేశారు"కు మార్చుకోండి. రెండోదానికి జవాబు దొరుకుతుంది. మొదటిది దానివెంటే కొంత వస్తుంది.

ఎలా చేశారో చెప్పేది అడ్డకోత, అంటే పొరలన్నీ కనపడేలా అడ్డంగా కోసిన ముక్క. ఒక మిల్లీమీటరు ముక్క చాలు. రెజిన్‌లో పోసి, నునుపుగా అరగదీసి, కార్బన్ పూత వేసి ఎస్‌ఈఎం, అంటే పైన చెప్పిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, కింద పెడితే గ్లేజ్, ముద్ద, ఆ రెండూ కలిసే సరిహద్దు ఒకే చిత్రంలో కనపడతాయి. ముద్ద పలుగుపొడా, బంకమట్టా మొదటి చూపులోనే తెలుస్తుంది. గ్లేజ్‌లో సోడియం, మెగ్నీషియం కొలవొచ్చు, అదీ వానకు చెడని లోపలి చోట. తగరం తెల్లటి చుక్కల్లా మెరుస్తుంది. పొరల్ని చూడకుండా పైరంగును నమ్మితే ఏమవుతుందో స్పెయిన్‌లోని అల్‌హంబ్రా కథ చెప్తుంది. అక్కడి గచ్చు మీద కొన్నిచోట్ల ఊదారంగు మచ్చలుండేవి. 2022లో గ్రనాడా విశ్వవిద్యాలయం వాళ్లు వెల్లడించింది, అది ఎవరూ పూసిన రంగు కాదని. తగరపు రేకు మీది బంగారం తేమకు, ఉప్పుకు కరిగి, అతి సూక్ష్మమైన గోళాలుగా మళ్లీ పేరుకుంది. ఆ పరిమాణంలో బంగారం ఊదాగానే కనిపిస్తుంది. గన్‌కు అక్కడ బంగారం ఉందని మాత్రమే తెలిసేది.

ముక్క తీయడానికి అనుమతి తప్పనిసరి. కింద రాలిపడ్డ పెచ్చు కూడా కట్టడంలో భాగమే, జేబులో వేసుకునేది కాదు. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు సర్వే కింద ఉన్నాయి, కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖ కింద. ఆషూర్‌ఖానాలైతే వాటి బాధ్యత చూసే ముతవల్లీని కూడా అడగాలి. మొహర్రం రోజుల్లో అలాములు, అంటే పీర్లు, నిలిపి ఉన్నప్పుడు మెషిన్ పట్టుకుని వెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు. శాఖల గిడ్డంగుల్లో చాలాసార్లు పాత తవ్వకాల్లో, మరమ్మతుల్లో దొరికిన విడి ముక్కలుంటాయి. ముందు వాటికోసం దరఖాస్తు పెట్టండి. గోడను ముట్టుకునే పనే ఉండకపోవచ్చు.

ఇక గచ్చు. బెల్లం, కరక్కాయ, గుడ్డుసొన, మినుముల జిగురు కలిపి డంగు సున్నం చేసేవారని మేస్త్రీలు చెప్పేది అబద్ధం కాదు. నేనే గానుగ పక్కన నిలబడి చూశాను. అయితే ఇప్పుడు కలుపుతున్నారన్నది వేరు, 1591 నాటి చార్మినార్ గచ్చులో దొరకడం వేరు. బెల్లం నీళ్లలో కరిగేది. నాలుగు వందల వానాకాలాల తర్వాత, సూక్ష్మజీవులు తినగా మిగిలింది ఎంత? మాంసకృత్తులు కొంత నిలుస్తాయి, వాటిని పట్టే పరీక్షలూ ఉన్నాయి. కానీ మినార్ల మీద పావురాల రెట్ట ఉంటుంది, అందులోనూ మాంసకృత్తులే. తర్వాతి వెల్లల్లో ఎవరో బంక కలిపి ఉంటారు, అదీ లోపలికి ఇంకుతుంది. ఇన్‌ఫ్రారెడ్ గ్రాఫులో చిన్న గడ్డ చూసి "గుడ్డు దొరికింది" అని రాసిన రిపోర్టులు నేను చాలా చదివాను. వాటిలో ఎక్కువ నమ్మలేదు. కనీసం లోపలి ముక్క ఒకటి, పైముక్క ఒకటి, పక్కనే గోడలో రాళ్ల మధ్య మామూలు సున్నం ఒకటి, మూడూ పోల్చకుండా ఆ మాట అనకూడదు.

గచ్చులో తేల్చగలిగినవి వేరే ఉన్నాయి, అవే ఎక్కువ పనికొస్తాయి. సిమెంటు కలిసిందా? పలుచటి కోతను మైక్రోస్కోపులో చూస్తే నీటితో కలవకుండా మిగిలిన సిమెంటు రేణువులు అలాగే కనపడతాయి. ఇది ముఖ్యం, ఎందుకంటే సిమెంటు నుంచి వచ్చే ఉప్పులు పలక వెనక చేరి, ఎండినప్పుడల్లా స్ఫటికాలై గ్లేజ్‌ను లోపల్నుంచి తోసేస్తాయి. పలక రాలిన చోట తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని దులిపి పారేయకండి, కాగితంలో పొట్లం కట్టండి, స్ఫటికాల్ని గుర్తించే ఎక్స్‌ఆర్‌డీ మెషిన్‌లో పెడితే ఏ ఉప్పో తెలుస్తుంది. 2019 మేలో చార్మినార్ మినారు మీది గచ్చు పెచ్చు ఊడిపడ్డప్పుడు ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు, వానలన్నారు. అలాంటి చోట నేనైతే ముందు అడిగేది ఆ పెచ్చు వెనక వైపు ఏముంది అని.

జిప్సం కనపడితే ఎంత లోతున ఉందో చూడండి. పైన అర మిల్లీమీటరులోనే ఉంటే అది బండ్ల పొగ సున్నం మీద చేసిన పని. లోపలిదాకా ఒకేలా ఉంటే మేస్త్రీ కలిపిందే. ఆమ్లంలో కరిగించి సున్నం, ఇసుక పాళ్లు చెప్పే పద్ధతి కాలేజీల్లో ఇంకా నేర్పుతున్నారు. ఇసుక బదులు సున్నపురాయి పొడి వేసి ఉంటే అదీ కరిగిపోతుంది, పాళ్లు తలకిందులవుతాయి.

మీ రెండ్రోజులకు నా సలహా: మొదటి రోజు పొద్దున కన్ను, కెమెరా, పక్కనుంచి పడే టార్చిలైటు. చిత్రించిన చోట్లు, అతుకులు గుర్తించి గోడ బొమ్మ గీసుకోండి. మధ్యాహ్నం నుంచి గన్. దాంట్లో "మట్టి" మోడ్, "గని" మోడ్ ఉంటాయి, అవి గ్లేజ్ కోసం కావు. తెలిసిన కూర్పున్న గాజు నమూనాల్ని, పోలిక కోసమే తయారుచేసిన కార్నింగ్ గాజులు దొరికితే మేలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి పక్కన రాసుకోండి. ముక్కలు చిన్నవి కాబట్టి 3 మిల్లీమీటర్ల గురి, అంటే మెషిన్ ఒకసారికి కొలిచే చుక్క వెడల్పు, పెట్టుకోండి, పెద్ద గురి పెడితే పక్కరంగు కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్కో రంగుకు కనీసం ఐదు ముక్కలు. రెండో రోజు మొదటిరోజు అనుమానం వచ్చినవే మళ్లీ కొలవండి, కొత్త గోడ మొదలుపెట్టకండి.

అంతకంటే ముందు ఒక పని. మీరు చూస్తున్న పలకల్లో ఎక్కడో ఒకటి అంచు విరిగి ఉంటుంది. ముట్టుకోకుండా, పక్కన స్కేలు పట్టుకుని, పగటి వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. లోపల తెల్లగా పంచదార విరిగినట్టుందా, ఎర్రగా ఇటుకలా ఉందా చూస్తే ఏ దారిలో వెళ్లాలో సగం అక్కడే తెలుస్తుంది.